పుట్ట తాత జవాబు

హీరో పుట్ట ముందు నిలబడి ప్యాంటు బొత్తాం విప్పాడు.

సామార్ దీవి కొండల్లో షూటింగ్. తిరుగుబాటుదారుల చేతికి చిక్కకుండా బయటపడ్డ సార్జెంట్ రువెలో కథే సినిమా. సీను కళ్ళతో చూశాకే తన పేరు వేసుకోమన్నాడు సార్జెంట్. మధ్యాహ్నం వస్తున్నాడు.

పుట్ట వెనక తుపాకీతో పొంచిన శత్రువు వేషం మాంగ్ తెబాన్‌ది. ఆ కొండ మనిషే. సగం పళ్ళు లేవు.

"యాక్షన్."

"తాతా, కాస్త పక్కకు జరుగు" అని గొణిగాడు హీరో కెర్విన్.

"ఆ మాట స్క్రిప్టులో లేదు కదయ్యా" అన్నాడు డైరెక్టర్ డెల్ఫిన్.

"ఇది నిజం పుట్ట, డైరెక్టర్ గారూ. లోపల కంటికి కనపడని తాత ఉంటాడు. ఆయన్ను అడక్కుండా పోస్తే వాచిపోతుంది. వాచేది మీకు కాదు."

"సరే, గొణుక్కో. తర్వాత తీసేస్తాం. యాక్షన్."

"తాతా, కాస్త పక్కకు జరుగు."

"కానియ్ మనవడా. నా కాళ్ళ మీద పడకుండా చూసుకో" అంది పుట్ట.

కెమెరా మనిషి నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు.

డెల్ఫిన్ పుట్ట వెనక్కి వెళ్ళాడు.

"మాంగ్ తెబాన్, ఇది యుద్ధం."

"యుద్ధంలో నవ్వరా బాబూ?"

"చావు ఎదురుగా ఉంటే ఎవడు నవ్వుతాడు? నాకు నిజం కావాలి. నోరు మూసుకుని పడుకో."

ముసలాయన తలూపాడు. తర్వాతి టేకులోనూ పుట్ట మాట్లాడింది.

"అంత మర్యాదగా అడుగుతుంటే జవాబివ్వకుండా ఎలా?" అన్నాడు మాంగ్ తెబాన్.

అన్నం పొట్లం చేతిలో పెట్టి, అతన్ని ఊళ్ళోకి పోయే మోటారు సైకిలెక్కించారు.

అది కదులుతుండగానే సార్జెంట్ జీపు వచ్చి ఆగింది.

ఈసారి పుట్ట వెనక ఒక నోరు మెదపని మనిషిని పడుకోబెట్టారు. కెర్విన్ శత్రువును పసిగట్టాడు, దూకాడు, దొర్లాడు, కాల్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సార్జెంట్ కొట్టలేదు.

"నా పేరు వెయ్యకండి."

"ఏం తప్పు సార్?"

"నేను దొర్లలేదు. ప్యాంటు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. నన్ను చూసి మావాళ్ళంతా పరిగెత్తారు. అందుకే బతికాం."

"దేన్ని చూసి పరిగెత్తారు?"



"పుట్ట మాట్లాడింది. తాతను జరగమంటే, కానియ్ మనవడా, నా కాళ్ళ మీద పడకుండా చూసుకో అంది. ఈ మాట మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఏటా వచ్చి ఇక్కడ సారా సీసా పెట్టిపోతాను. మళ్ళీ ఏడు వచ్చేసరికి ఖాళీ సీసా బోర్లించి ఉంటుంది. ఆ గొంతు ఎవరిదైనా సరే, ఒక్కసారి ఆ చెయ్యి నా నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకోవాలని ఉంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

డెల్ఫిన్ రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఆనాడు ఈ పుట్ట వెనక నిజం తుపాకీ గురిపెట్టి, పేల్చడానికి బదులు నవ్వుకున్న శత్రువు, ఒళ్ళో అన్నం పొట్లంతో అప్పటికే కొండ మలుపు దాటిపోయాడు.