తాళాలక్క ధీమా

దొంగల మెసేజ్ సోమవారం పొద్దున ఎండీ గారి కంప్యూటర్‌లో ప్రత్యక్షమైంది. ఒక్క అచ్చుతప్పు లేదు. ఏఐ చేత రాయించి ఉంటారు, ఆ ఆఫీసులో ఎవరికీ చేతకానంత మర్యాదగా ఉంది.

‘ఏడేళ్ల కిందట మీ సర్వర్లలోంచి ఒక పెట్టెను కాపీ చేసుకున్నాం. అప్పట్లో దాని తాళం మాకు లొంగలేదు. ఇప్పుడు ఎంతటి తాళాన్నైనా విప్పే క్వాంటమ్ కంప్యూటర్ మా చేతికి వచ్చింది. శుక్రవారంలోగా మేం అడిగింది ఇవ్వకపోతే పెట్టెలో ఉన్నదంతా ఇంటర్నెట్‌లో పరిచేస్తాం. దయచేసి సహకరించగలరు.’

ఆ కంపెనీ వినపడని పిల్లలకు తలలో అమర్చే యంత్రాలు తయారు చేస్తుంది. పాత మోడల్ యంత్రాల డిజైన్లు, సెట్టింగులు అన్నీ ఎవరికీ అర్థంకాని అంకెలుగా మార్చేసి, తాళం వేసి దాచిన పెద్ద ఫైలు ఒకటుంది. దాన్నే అందరూ పెట్టె అంటారు.

ఎండీ గారు తాళాలక్కను పిలిపించారు.

ఆమె కంప్యూటర్ల భద్రత విభాగానికి పెద్ద. అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఎవరైనా కంప్యూటర్‌కు తాళం వెయ్యకుండా టీకి లేస్తే, తిరిగొచ్చేసరికి వాళ్ల కుర్చీలో ఆమె కూర్చుని ఉండేది. ఇంట్లో మొగుడు టీవీ చూడాలన్నా రెండు పాస్‌వర్డ్‌లు కొట్టాలని ఆఫీసులో జోకు.

“చదివావా అమ్మా?” అన్నారు ఎండీ గారు.

“చదివాను సార్.”

“అడిగింది ఇచ్చేద్దామా?”

“వద్దు సార్. వాళ్ల దగ్గర అలాంటి కంప్యూటర్ ఉందంటే నేను నమ్మను.”

“ఒకవేళ ఉంటే?”

“ఉంటే చూద్దాం,” అంది, సాయంత్రం వాన పడొచ్చు అన్నంత మామూలుగా.

తన సీటుకు వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఆసుపత్రి నుంచి చెవి డాక్టరు.

“మేడమ్, నేను అడగడం ఇది నాలుగోసారి. ఆ పాప యంత్రం పాత మోడల్‌ది. ఉన్నట్టుండి మూగబోయింది. సెట్టింగుల పట్టిక పంపిస్తే కూర్చోబెట్టి బాగుచేస్తాను. లేదంటే మళ్లీ తల కొయ్యాలి.”

“చూస్తున్నాం డాక్టరు గారూ. అది పెట్టెలో చాలా భద్రంగా ఉంది.”

“భద్రంగా ఉంటే పాపకేం లాభం?” అని డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

పక్క సీటులోని ఇంజనీరమ్మాయికి అంతా వినపడింది. “ఇచ్చెయ్యొచ్చు కదక్కా. పాపం, ఆ పిల్ల బడికి కూడా వెళ్లట్లేదంట.”

తాళాలక్క కంప్యూటర్ వైపు తిరిగి తన పనిలో పడింది. ఈమెది గుండా, బండరాయా అనుకుంది ఇంజనీరమ్మాయి.

ఆ మధ్యాహ్నం తాళాలక్క దొంగలకు జవాబు రాసింది. ఏఐ చేత రాయించలేదు, తానే రాసింది.

‘మీ గొప్పలు కట్టిపెట్టండి. మీ తాతలు దిగొచ్చినా ఆ తాళం ఊడదు. చేతనైతే తెరిచి చూపించండి.’

“వాళ్లనెందుకక్కా రెచ్చగొడతారు?” అంది ఇంజనీరమ్మాయి, గుండెలు బాదుకోవడమే తరువాయిగా.

“బేరం ఇలాగే ఆడాలమ్మా.”

మర్నాడు దొంగలు పెట్టెలోంచి ఒక పేజీ పంపారు. అది నిజం పేజీయే. ఎండీ గారు కుర్చీలో కూలబడ్డారు. తాళాలక్క ఆ పేజీ వంక చాలాసేపు చూసింది. కుర్చీ దగ్గరకు లాక్కుని మళ్లీ మొదటి నుంచి చదివింది. ఇప్పటికైనా భయం వేసిందిలే అనుకున్నారందరూ.

ఆమె మళ్లీ రాసింది. ‘ఒక్క పేజీ ఎక్కడైనా ఏరుకోవచ్చు. మొత్తం మీ దగ్గర లేదు. ఉంటే చూపించేవారే.’

డైరెక్టర్లంతా ఆమెను నిలబెట్టి అడిగారు. “మన సొత్తు వీధిన పడితే బాధ్యత ఎవరిది?”

“నాది. నా ఉద్యోగం తీసెయ్యండి,” అంది.

శుక్రవారం దొంగలు మాట నిలబెట్టుకున్నారు. మొత్తం పెట్టె, మొదటి పేజీ నుంచి చివరిదాకా, ఇంటర్నెట్‌లో పరిచేశారు.

ఎండీ గారు ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నారు. ఏమీ పడలేదు. పోటీ కంపెనీలు ఒకసారి తిరగేసి, ఇంత పాత సరుకా అని పెదవి విరిచాయి. పేపర్లలో రెండు ముక్కలు వచ్చాయి. వారం తిరిగేసరికి అందరూ మర్చిపోయారు.

మర్చిపోనిది డాక్టరు ఒక్కడే. సోమవారం ఫోన్ చేశాడు.

“పట్టిక దొరికింది మేడమ్. మీరు ఇవ్వకపోయినా దొంగలు ఇచ్చారు. పొద్దున్న వాళ్లమ్మ వెనకనుంచి పిలిస్తే పాప తిరిగి చూసింది. మీకు చెబుదామనే చేశాను,” అన్నాడు, ఒక్కో మాటా వాతపెట్టినట్టు.

“చాలా సంతోషం డాక్టరు గారూ,” అంది తాళాలక్క. లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. కళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

నెలాఖరు మీటింగులో ఎండీ గారు ఆమెను వేదిక మీదకి పిలిచారు. దొంగలకు చిల్లిగవ్వ దక్కలేదని, కంపెనీకి వెంట్రుకవాసి నష్టం కలగలేదని, ఇలాంటి గుండె నిబ్బరం తాను ఎక్కడా చూడలేదని అన్నారు. ఆమెను ఉద్యోగంలో ఒక మెట్టు పైకి ఎక్కించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

“అంత ధీమా ఎక్కడిదక్కా మీకు?” అని అడిగింది ఇంజనీరమ్మాయి, కిందకి దిగి వచ్చాక.

“దొంగల పనితనం మీద నమ్మకం తల్లీ.”

చుట్టూ ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

సర్వర్లలోని పాత చెత్తంతా ఊడ్చెయ్యమని తాను పురమాయించిన ఏఐ, ఆ పెట్టెకున్న ఒక్క తాళంచెవిని కూడా ఊడ్చేసి మూడేళ్లయిందని తాళాలక్క ఎవరికీ చెప్పలేదు.