గులాబీ రంగు బుడిపెలు

వ్యవసాయ అధికారిణి సోయా మొక్కని వేళ్ళతో సహా పెకలించి మట్టి దులిపింది. వేళ్ళ నిండా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చింది. లోపల గులాబీ రంగు.

"భేష్! బాక్టీరియా బాగా పనిచేస్తోంది. నత్రజని అదే అందిస్తుంది, ఇక యూరియా అక్కర్లేదమ్మా. విత్తనాలకి ఆ బాక్టీరియా కల్చర్ పట్టించిందెవరు?"

"నేనే," అంది కోడలు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "పట్టించి, తెలీక ఎండలో ఆరబోశాను. ప్యాకెట్టంతా నాశనం చేశావని ఆయన కేకలేశారు. మూడు రోజులు నేను మాట్లాడలేదు. నాలుగో రోజుకి ఆయన లేరు."

నెలైంది. ఆమె ఇంతవరకూ ఏడవలేదు.

"ఎండకి ఆ బాక్టీరియా చచ్చిపోతుందే! ఈ నేలలో ఇదివరకు సోయా వేశారా?"

"లేదు."

"మరి ఇదెలా వచ్చింది?"

గట్టు మీద కూర్చున్న అత్తగారు తలెత్తలేదు. "మర్నాడు పొద్దున్నే వాడే ఇంకో ప్యాకెట్ తెచ్చి పట్టించాడు. నీడలో ఆరబెట్టి తనే విత్తాడు. దానికి చెప్పకమ్మా, చిన్నబుచ్చుకుంటుంది, అన్నాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?"

"వాడు నన్ను కోరిన ఆఖరి కోరికే అది. దాటలేకపోయాను."

కోడలు అధికారిణి చేతిలోంచి మొక్క తీసుకుంది. పీకిన చోటే మళ్ళీ పెట్టి, మట్టి కప్పి, రెండు చేతులతో అదిమింది.

"అదిక బతకదమ్మా," అంది అధికారిణి మెల్లగా.

"తెలుసు," అంటూ కోడలు నీళ్ళు తేవడానికి లేచింది.