నడిమి గోడ

“మీ ప్రణీత డాన్సే చేయదట గదమ్మా!”

వాకిట్లో నిలబడి మహిపాల్ సారు అన్న మాటకు రత్నమాల ఒళ్ళో ఉన్న బీడీల చాట జారి, తునికాకంతా నేలపాలైంది. లోపల జడ వేసుకుంటున్న ప్రణీత సగం జడతోనే బయటికి వచ్చింది.

“ఎవలన్నరు సార్ గా మాట?” అంది రత్నమాల.

“ఒక్కలు కాదు. మీ గల్లీల ఎవలనడిగినా గదే మాట. కిరాణ దుకాణపాయనను అడిగితె, ‘డాన్సా? గా పిల్ల తలకాయ ఎత్తి నడువంగ గూడ సూడలే’ అన్నడు. ఎదురింటామె అయితె ఒట్టే వెట్టింది.”

మహిపాల్ జగిత్యాల నుంచి వచ్చాడు. నాట్యం నేర్చుకునే పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చి, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంచి నేర్పించే సంస్థ మనిషి. ప్రణీత ఆడే పేరిణి నాట్యం వాళ్ళకు నచ్చింది. ఇక మిగిలింది కోరుట్లలో ఇంటి దగ్గర చేసే ఈ విచారణ ఒక్కటే.

“ఇప్పుడే గజ్జెలు కట్టుకొని ఆడి సూపిస్త సార్!” అంది ప్రణీత.

“నీ ఆట సూసినం బిడ్డా, మంచిగనే ఆడినవ్. రోజు సాధన చేస్తవా లేదా, గది సూసుడే నా పని. పోయినేడు ఇద్దరు సెలెక్టయి, హాస్టల్ల సాధన చేయలేక నెల తిరగకముందే ఇంటికొచ్చిండ్రు. గా సీట్లు ఇంకొకలకు దక్కకపాయె. గందుకే చుట్టుపక్కల అడిగి రమ్మన్నరు.”

రత్నమాలకు ఒళ్ళు మండింది. కొంగు నడుముకు దోపి, నేరుగా దుకాణానికి పోయి వెంకటిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆ గొడవకు ఎదురింటి రజని అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏం వెంకటీ, మా బిడ్డ డాన్స్ చేయదా? వినాయకుని మండపం కాడ ఆడుతుంటె ముంగట కూసోని సప్పట్లు కొట్టింది నువ్వు గాదా?”

“కొట్టిన వదినె. గట్లని పిల్లను అడగొచ్చినోళ్ళకు చెప్తమా?”

“పిల్లను అడగొచ్చిందెవలు?”

వెంకటి మహిపాల్‌ను కిందికీ మీదికీ చూశాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో బ్యాగు. “నువ్వే అంటివి గద, ‘మా బిడ్డ గురించి ఎవలన్న వచ్చి అడుగుతరు, నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి’ అని. నేను సంబంధమోళ్ళనుకున్న.”

“పదహారేండ్ల పిల్లకు సంబంధమేందిరా!”

“పిలగాని తరఫోళ్ళు డాన్స్ చేస్తదా అని అడిగితె, చేస్తదని ఎవలన్న అంటరా అక్కా?” అంది రజని. “వంట గూడ మస్తు చేస్తదని చెప్పిన.”

ప్రణీత నెత్తి కొట్టుకుంది. ఆమెకు అన్నం వార్చడం కూడా రాదు.

“స్కాలర్‌షిప్ అని ముందే చెప్తే ఏమయ్యేదే అమ్మా? దిష్టి తగులుతది, చేతికొచ్చినంక చెప్దామంటివి. ఇగో, వచ్చింది చేతికి!”

ఆ గల్లీకి ఒక మంచి గుణముంది. సాయం అడిగితే కాదనదు, అడిగినదానికన్నా నాలుగు మాటలు ఎక్కువే చెబుతుంది. వెంకటి అప్పటికప్పుడు మాట మార్చేశాడు.

“సార్, గట్లయితె రాసుకోండ్రి. గీ పిల్లకు పగలు రాత్రి డాన్సే. బుక్కెడన్నం గూడ తినది.”

“అవ్ సార్, నిద్రల గూడ కాళ్ళాడిస్తది,” అని రజని తోడు పలికింది.

మహిపాల్ విసుగ్గా పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “గింతకు ముందు తలకాయ ఎత్తని పిల్ల, ఇప్పుడు నిద్రల గూడ ఆడుతదా? ఏ మాట నమ్మాలె నేను? నన్ను పోనియ్యుండ్రి, మేడిపల్లిల ఇంకో పిల్ల ఇల్లు సూడాలె.”

ప్రణీత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే పక్కింటి తలుపు ధడాలున తెరుచుకుంది. రత్నమాలకు ఉన్న కాస్త ఆశా పోయింది. వచ్చింది శంకరవ్వ. రెండిళ్ళకూ నడిమి గోడ ఒక్కటే. గజ్జెల చప్పుడు మీద తగాదా పడి రెండేళ్ళుగా మాటల్లేవు. మంచి చెప్పమని గల్లీ అంతా తిరిగిన రత్నమాల ఆ ఒక్క గడపా తొక్కలేదు.

“గీళ్ళనేమడుగుతవ్ సారూ, నన్నడుగు!” అంది శంకరవ్వ. “కోడి కూయకముందే మొదలువెడ్తది గా పోరి. దన్ దన్ దన్! గోడ సున్నం రాలి నా చాయ కప్పుల పడుతది. ఆయితారం లేదు, పండుగ లేదు. మొన్న జ్వరమొచ్చి మూల్గుకుంట గూడ గజ్జెలు కట్టింది. వాళ్ళమ్మ వద్దని మొత్తుకుంటె, ‘ఒక్క దినం ఆపినా కాలు మొద్దువారుతది’ అన్నది. దీని కాళ్ళు ఇరుగ! పోలీస్ స్టేషన్ల గూడ చెప్పొచ్చిన.”

“అత్తా, నీకు దండం పెడ్త, లోపలికి పో!” అంది రత్నమాల ఏడుపు గొంతుతో.

“ఆగమ్మా,” అంటూ మహిపాల్ పెన్ను మళ్ళీ తీశాడు. “నీ మంచి కోరేటోళ్ళు మాట మారుస్తరు. తిట్టేటోళ్ళకు గా అవసరమేముంది?”

శంకరవ్వ ఇంట్లోకి వెళ్ళి గోడ చూశాడు. సున్నం పెచ్చులు నిజంగానే రాలి ఉన్నాయి. బయటికొచ్చి ప్రణీత తల మీద చెయ్యి పెట్టాడు. “సోమవారం హాస్టల్‌కు రావాలె బిడ్డా. బట్టలు సదురుకో.”

ఆయన ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా రత్నమాల చేతులు జోడించే ఉంది. ఆ తర్వాత రెండేళ్ళ పంతం పక్కన పెట్టి శంకరవ్వ గడప దగ్గరికి వెళ్ళింది.

“నీ నోరు పడిపోను అని ఎన్ని తిట్టుకున్ననో అత్తా. నీకు తెల్వకుండనే నా బిడ్డకు మేలు చేసినవ్.”

“తెల్వకుండనా?” అని శంకరవ్వ మూతి తిప్పింది. “గోడ అవతల మీరు గుసగుసలాడినా నాకు ఇనవడుతది. సోమవారం తోలుడు మాత్రం మర్సిపోకు, పోరి హాస్టల్ల పడితెనే నాకు జర నిద్ర పడుతది!”