నాలుగు పేర్లు

ఊళ్లో ప్రతి గోడకూ ఉన్నట్టే సారంగపాణి బార్ అండ్ రెస్టారెంట్ గోడకూ మున్సిపాలిటీ గొంతు ఉంది. వార్డులో మనిషికి వారానికి రెండు పెగ్గులే అమ్మాలన్న ప్రతిపాదన మీద అభ్యంతరాలుంటే చెప్పమని పొద్దున్నే అడిగింది.

"రెండు పెగ్గులు ఏ మూలకు సాలుతయి?" అన్నాడు సారంగపాణి గల్లా దగ్గర్నుంచి లేస్తూ.

"దీనివల్ల ఇబ్బంది పడేవాళ్లెవరో చెప్పండి," అంది గోడ మర్యాదగా.

పేర్లు చెబితే మాటకు బలం వస్తుందనుకున్నాడు. కిటికీ పక్కన రోజూ కూర్చునే నలుగురి పేర్లూ చెప్పాడు. "కనకలింగమైతే తాగకుంటే పండుకోనే పండుకోడు," అని కూడా కలిపాడు.

మూడు రోజులు ఆ టేబుల్ ఖాళీగా ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం నలుగురూ నున్నగా గడ్డాలు గీసుకుని వచ్చి, మంచినీళ్లు అడిగారు.

"ఇబ్బంది పడేవాళ్లు ఇక లేరు. మీ అభ్యంతరం పరిష్కారమైంది," అంది గోడ.

తాగే ముందు గ్లాసులో వేలు ముంచి, చనిపోయిన తండ్రి పేరు మీద ఒక చుక్క నేల మీద చల్లడం కనకలింగానికి అలవాటు. ఇప్పుడూ నీళ్లలో వేలు ముంచాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"సారంగన్నా, నేనిది ఎవరి పేరు మీద సల్లేటోన్నే?"