ఐదూ నలభై బెల్లు

గుమ్మంలో ఎవరూ లేకుండానే, పదకొండు నెలలుగా రోజూ సాయంత్రం ఐదూ నలభైకి బెల్లు మోగేది. హైమావతి చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళి తలుపు తీసేది, ఖాళీ గుమ్మాన్ని నాలుగు తిట్టి మూసేది. కాకినాడలో ఇళ్ళన్నీ చెప్పకుండానే పనులు చక్కబెట్టే రోజుల్లో తన ఇంటికొక్కదానికే మతి చలించడం ఆమెకి నామోషీగా ఉండేది.

చివరికి ఇళ్ళు బాగుచేసే నూకరాజుని పిలిచింది. అతను పాతదంతా చెరిపేసి ఇంటికి మళ్ళీ మొదట్నించీ నేర్పాడు. "గుమ్మంలో మనిషుంటేనే బెల్లు మోగుద్దండి. ఉత్తుత్తి పిలుపుల్ని ఇక ఇల్లే మింగేసుద్ది."

వారం ప్రశాంతంగా గడిచింది. అయినా ఆ వేళకి హైమావతి చెవి గుమ్మం వైపే ఉండేది.

సముద్రం అడుగున గనిలో పనిచేసే ఆమె భర్త గవర్రాజుకి నెలకి ఒక్క ఫోనే దక్కుతుంది. ఆదివారం ఆ ఫోను వచ్చింది.

"వారంగా తలుపు తియ్యట్లేదేంటి హైమా? ఒంట్లో బాలేదా?"

"ఏ తలుపండీ?"

"డ్యూటీ దిగగానే ఇక్కణ్ణించే మనింటి బెల్లు నొక్కుతాను కదా. నువ్వు తలుపు తీస్తే ఇక్కడ చిన్న లైటు వెలుగుద్ది. అది చూశాకే అన్నం ముట్టుకుంటా. నీకు తెలుసనుకున్నానే!"

మర్నాడే నూకరాజు చేత ఆ లోపాన్ని మళ్ళీ పెట్టించుకుంది. ఐదూ నలభైకి బెల్లు మోగింది. హైమావతి తలుపు బార్లా తీసి, దారిచ్చి పక్కకి నిలబడింది.

"కాళ్ళు కడుక్కుని రండి. టీ పెడతాను."