మబ్బు మీది మంట

“ఆ రేత్రి ఫోటో నీకాడ ఉండాదంట కదే. చూపించు!” అంది ఆదిశేషమ్మ, పక్కింటి మేఘన చెయ్యి పట్టుకుని.

ఉదయగిరి కొండ కింద పొలంలో, గొర్రెల మంద దగ్గర పడుకున్న ఆమె కొడుకు పోయిన నెల పిడుగు పడి చనిపోయాడు. నెల్లూరులో ఫిజిక్సు చదివే మేఘన ఆ రాత్రి దూరంగా మెరుస్తున్న అదే గాలివానను హాస్టల్ మేడ మీంచి ఫోటో తీసింది.

ఫోన్‌లో, మబ్బుకు ఎంతో ఎత్తున, ఎర్రటి మంటొకటి కొమ్మలు చాచుకుని ఉంది.

“కింద పిడుగు పడిన క్షణంలోనే ఈ ఎర్ర మెరుపు పైన లేచింది అవ్వా. ఆ దెబ్బ తగిలి, అంతెత్తున ఉండే గాలంతా ఎర్రగా వెలిగింది.”

ఆదిశేషమ్మ కళ్లలో వెలుగొచ్చింది. “అయితే ఆయనకీ తగిలిందా?”

“ఎవరికి?”

“పైన కూచోనుండాడే, నా బిడ్డను చంపినోడు! దినామూ శాపనార్థాలు పెడతానే ఉండా. ఒళ్లు కాలిందా వాడికి?”

“అక్కడ ఎవరూ ఉండరవ్వా. ఒట్టి గాలే.”

ముసలమ్మ మళ్లీ ఫోన్ వంక చూసింది. పైన ఎవరూ లేకపోతే, తాను ఇన్నాళ్లూ తిట్టింది ఎవర్ని? కొడుకు చావుకు జవాబు చెప్పేవాడే లేడా?

“అట్ట చెప్పబాకే,” అంది ఫోన్ తిరిగిచ్చేస్తూ. “ఆయన ఉండాలి. ఉండి, ఆ మంట తగిలుండాలి.”