మెరవని పన్ను

“పాతదే అతికించెయ్యండి డాక్టరుగారూ,” అన్నాడు నాగవంశీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

డాక్టర్ షబ్నం ఊడొచ్చిన స్టీలు క్యాపుని లైటు కింద పెట్టి చూసింది. “అరిగి చిల్లు పడింది. చిగుళ్ళు కూడా నల్లబడ్డాయి. ముందు పన్ను కదా, లోహం లేనిది వేయించుకోండి. పింగాణీది. బయటికి పంపక్కర్లేదు, ఇక్కడే చేసి ఇవాళే పెట్టేస్తాను.”

“అదే ఎయ్యండమ్మా,” అంది పక్కనున్న మహాలక్ష్మమ్మ. జాలరిపేటలో చేపలమ్మే మనిషి. ఆ పూట బేరం మానుకుని, వంశీని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. “ఆదోరం భీమిలి ఎల్లాల, పిల్లని సూడాల. ఇలా మూతి మూసుకుని కూకుంటే ఆళ్ళేటనుకుంటారు?”

“నాను రానన్నాను కదా.”

“నాను ఎల్దామన్నాను కదా.”

షబ్నం నవ్వుకుంటూ పెన్నులాంటి కెమెరా వంశీ నోట్లో తిప్పింది. తెర మీద పళ్ళ వరస కనబడింది. “ఈ పన్ను ఎలా విరిగింది?”

“మా సీవల్లి ఇరగ్గొట్టింది,” అంది మహాలక్ష్మమ్మ.

“శ్రీవల్లి ఎవరు?”

“నా కూతురమ్మా. ఓ రోజు ఈ బాబు క్యారేజీ మర్సిపోయి ఏటకి బయల్దేరిపోనాడు. అది ఒడ్డెంట పరిగెట్టి పడవలోకి ఇసిరింది. సేత్తో పట్టుకుంటాడనుకుంది. మూతితో పట్టుకున్నాడు.”

వంశీకి నవ్వొచ్చింది. “స్టీలు క్యారేజీ తగిలి ఇరిగింది కాబట్టి స్టీలు పన్నే ఏయించుకోమంది. ఎండకి తళుక్కుమనీది. ఎన్ని పడవలొచ్చినా ఒడ్డునించే నన్ను గుర్తుపట్టీసేది.”

“ఇప్పుడెక్కడుంటోంది?”

“పోయిందమ్మా. ముందటేడు, మాయదారి జొరమొచ్చి,” అంది మహాలక్ష్మమ్మ.

షబ్నం కెమెరా పక్కన పెట్టింది. పాత క్యాపుని దూదిలో చుట్టి వంశీ చేతికిచ్చింది. “మీకిష్టం లేకపోతే స్టీలుదే కొత్తది వేయిస్తాను.”

వంశీ మహాలక్ష్మమ్మ వైపు చూశాడు.

“ఒడ్డున అది లేదు బాబూ,” అందావిడ మెల్లగా. “ఇంకెవులికోసం మెరవాల ఆ పన్ను? ఇంకో పిల్ల నీ కోసం ఒడ్డున నిలబడితే సూడాలనుంది నాకు.”

వంశీ దూదిని జేబులో పెట్టుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు.

రంగు మహాలక్ష్మమ్మే ఎంచింది. “మరీ తెలుపొద్దమ్మా. బాబు టీ మనిషి.”

గాజు తలుపు వెనక, సన్నటి నీళ్ళధార కింద, మిషను పింగాణీ ముక్కని పన్నుగా చెక్కుతోంది. అది చూస్తూ ఇద్దరూ శ్రీవల్లి కబుర్లలో పడ్డారు. పూర్ణా మార్కెట్లో గాజుల బేరమాడి కొట్టువాణ్ణి ఏడిపించడం, పీతల పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయి పీతల్నే తిట్టడం. ఓసారి మహాలక్ష్మమ్మ గట్టిగానే నవ్వింది.

పన్ను పెట్టాక వంశీ అద్దంలో చూసుకున్నాడు. నవ్వితే ఏదీ తళుక్కుమనలేదు.

“నా మొకంలా లేదు.”

“అలవాటవుద్దిలే,” అంటూ ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

షబ్నం గుమ్మం దాకా వచ్చింది. “మీ అబ్బాయి పెళ్ళయ్యాక కోడల్ని కూడా ఓసారి తీసుకురండమ్మా.”

చెప్పులు తొడుక్కోబోతున్న మహాలక్ష్మమ్మ ఆగింది.

“నాకు కొడుకుల్లేరమ్మా,” అంది.

“ఈ బాబు మా సీవల్లి పెనిమిటి.”